టెక్ షేర్లా, బంగారమా? ముందు మీ జీతం ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోండి

2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు తాకింది. అదే ఏడాది జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. ఈ మూడు వార్తలూ విన్న ఇళ్లలో ఒకే ప్రశ్న తిరుగుతోంది: నెలనెలా మిగిలే నాలుగు రాళ్లు బంగారంలో పెట్టాలా, టెక్ షేర్లలో పెట్టాలా?

ఈ ప్రశ్నకు చాలామంది గత పదేళ్లలో ఏది ఎంత పెరిగిందో లెక్క చూసి జవాబు చెబుతారు. ఆ లెక్క అవసరమే, కింద నేనూ చెబుతాను. కానీ దానికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. మీ ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? కాలం బాగోలేనప్పుడు ఆ రాబడికి ఏమవుతుంది? ఒకే బంగారం, ఒకే షేరు, ఇద్దరికి రెండు రకాలుగా పనిచేస్తుంది.

మాదాపూర్‌లో పనిచేసే ఒక జంటను ఊహించుకోండి. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఒకరికి జీతంతో పాటు అమెరికా కంపెనీ షేర్లు ఆర్‌ఎస్‌యూల (ఉద్యోగులకు కంపెనీ విడతలవారీగా ఇచ్చే షేర్లు) రూపంలో వస్తాయి. కోకాపేటలో లోన్ మీద ఫ్లాట్ తీసుకున్నారు. ఇవి చాలవన్నట్టు నెలకు ఇరవై వేలు ఐటీ సెక్టార్ ఫండ్‌లో సిప్ కడుతున్నారు, "మనకు తెలిసిన రంగం కదా" అని. ఇప్పుడు అమెరికాలో బ్యాంకులు, బీమా సంస్థలు ఖర్చు తగ్గించుకున్నాయనుకుందాం. ఇక్కడ హైక్ ఆగుతుంది, బోనస్ తగ్గుతుంది, ప్రాజెక్ట్ అయిపోయినవాళ్లు బెంచ్ మీదికి, అంటే పని కోసం ఎదురుచూసే జాబితాలోకి, వస్తారు. ఆర్‌ఎస్‌యూ విలువ పడుతుంది. ఐటీ ఫండ్ పడుతుంది. ఐటీ వాళ్లే కొనే, ఐటీ వాళ్లే అద్దెకుండే ఆ ఫ్లాట్‌కు గిరాకీ తగ్గుతుంది. ఈఎంఐ మాత్రం తగ్గదు. అన్నీ ఒకే దెబ్బకు, ఒకే నెలల్లో. వాళ్లు ఐదు చోట్ల డబ్బు పెట్టామనుకుంటున్నారు, నిజానికి పెట్టింది ఒక్కచోటే.

ఇప్పుడు తెనాలిలో ఒక ప్రభుత్వ టీచర్ ఇల్లు చూద్దాం. జీతం ఆగదు. భార్యకు పుట్టింటివాళ్లు పెట్టినవీ, తర్వాత చేయించుకున్నవీ కలిపి ముప్ఫై కాసుల నగలున్నాయి. కొద్దిగా పొలం ఉంది. వీళ్లు మళ్లీ మళ్లీ బంగారమే కొంటే ఇంట్లో ఉన్నదానికే ఇంకొంత కలుస్తుంది తప్ప కొత్తగా వచ్చే రక్షణ లేదు. టెక్ కంపెనీల ఎదుగుదలలో వీళ్లకు ఇప్పటిదాకా వాటా లేదు. జీతం స్థిరంగా ఉంది కాబట్టి పదేళ్లు ఓపిక పట్టగలరు. టెక్ షేర్లు పెట్టుకునే స్థోమత నిజంగా ఉన్నది ఈ ఇంటికి.

నేను చూసినంతలో మనవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నారు. ఐటీలో ఉన్నవాళ్లు టెక్ షేర్లు కొంటున్నారు, ఊళ్లో ఉన్నవాళ్లు బంగారం కొంటున్నారు. ఎవరికి తెలిసింది వాళ్లు కొంటున్నారన్నమాట. ఇది మారాలన్నదే నా మాట.

ఎంత పడుతుంది, ఎన్నాళ్లు పడి ఉంటుంది

టెక్ షేర్లు ఎంత పడగలవో చెప్పాలంటే 2000 సంవత్సరానికి వెళ్లాలి. ఆ మార్చిలో టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే అమెరికా నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబరుకు 1,114కి దిగింది. అంటే 78 శాతం పోయింది. మళ్లీ ఆ పాత స్థాయికి రావడానికి 2015 దాకా పట్టింది. పదిహేనేళ్లు! అమెజాన్ లాంటి కంపెనీ షేరు కూడా ఆ రోజుల్లో 90 శాతానికి పైగా పడింది. అమెజాన్ బతికి బట్ట కట్టి వందల రెట్లు పెరిగింది, నిజమే. కానీ అప్పట్లో దానితో పాటు వెలిగిన కంపెనీలు చాలావరకు ఇప్పుడు లేవు. మన దగ్గర కూడా పెంటామీడియా, డీఎస్‌క్యూ సాఫ్ట్‌వేర్, సిల్వర్‌లైన్ అనే పేర్లు ఆ రెండేళ్లు ప్రతి బ్రోకర్ ఆఫీసులోనూ వినిపించాయి. 2001లో స్టాక్ బ్రోకర్ కేతన్ పారేఖ్ కుంభకోణంతో అవన్నీ కూలాయి.

దగ్గరి ఉదాహరణలూ ఉన్నాయి. 2022లో వడ్డీ రేట్లు పెరిగినప్పుడు నాస్‌డాక్ ఆ ఒక్క ఏడాదే 33 శాతం, మన ఐటీ కంపెనీల సూచీ నిఫ్టీ ఐటీ సుమారు 26 శాతం పడ్డాయి. టీసీఎస్ షేరు 2024లో నాలుగున్నర వేలు దాటి, ఏడాది తిరిగేసరికి మూడు వేల కిందికి వచ్చింది. అప్పు లేని, ఏటా డివిడెండ్ ఇచ్చే కంపెనీ పరిస్థితే ఇది.

బంగారం పడదనుకోవడం కూడా అంతే పొరపాటు. 1980 జనవరిలో ఔన్స్ (సుమారు 31 గ్రాములు) బంగారం 850 డాలర్లకు చేరింది. 1999లో 250 దరిదాపుల్లో ఉంది. మళ్లీ 850 దాటింది 2008 జనవరిలో. ఇరవై ఎనిమిదేళ్లు. టెక్ షేర్లకు పట్టినదానికి దాదాపు రెట్టింపు కాలం!

అయితే మన దేశంలో ఆ ఇరవై ఎనిమిదేళ్లలో మొత్తమ్మీద బంగారం పెరిగినట్టే కనిపించింది. కారణం రూపాయి. 1980లో డాలరుకు ఎనిమిది రూపాయలు, 2008 మొదట్లో 39 రూపాయలు. మన ఊళ్లో బంగారం ధర అంటే డాలర్లలో ధరను డాలరు మారకంతో గుణించి, పైన దిగుమతి సుంకం కలిపితే వచ్చేది. డాలర్లలో పడినా రూపాయి అంతకంటే ఎక్కువ పడితే మనకు నష్టం కనపడదు. మన అమ్మమ్మలు "బంగారం ఎప్పుడూ దిగదు" అనడానికి వెనక ఉన్నది ఇదే. కాకపోతే ఆ కాలంలో బ్యాంకు డిపాజిట్ మీద అంతకంటే ఎక్కువే వచ్చేది.

బంగారం కదలకుండా ఉండిపోయిన ఇటీవలి కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 2012లో పది గ్రాములు 31 వేల దగ్గర ఉంటే, 2018లోనూ అక్కడే ఉంది. ఆరేళ్లు కదల్లేదు. అదే ఆరేళ్లలో టీసీఎస్ షేరు బోనస్ షేర్లు కలుపుకుని మూడింతలైంది. 2025లో బంగారం ఎగబాకడం చూసి ఇప్పుడు మొత్తం డబ్బు అందులో పెట్టాలనుకునేవాళ్లు ఈ ఆరేళ్లను ఒకసారి తలుచుకోవాలి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రూపాయి పడితే బంగారం ఒక్కటే కాదు, మన ఐటీ కంపెనీలు కూడా లాభపడతాయి. వాటి ఆదాయం డాలర్లలో, జీతాల ఖర్చులో పెద్ద భాగం రూపాయల్లో. కాబట్టి "రూపాయి పడిపోతుందేమో" అన్నదొక్కటే మీ భయమైతే రెండూ మందే. "అమెరికాలో మాంద్యం వస్తుందేమో, యుద్ధం ముదురుతుందేమో" అన్నది మీ భయమైతే అక్కడ బంగారం దారి వేరు, ఐటీ దారి వేరు.

భయం పుట్టిన మొదటి వారంలో

సంక్షోభం వచ్చిన మరుక్షణం బంగారం పెరుగుతుందని అనుకుంటారు. అన్నిసార్లూ అలా జరగదు. 2008 అక్టోబరులోనూ, 2020 మార్చిలోనూ మొదట బంగారం కూడా పడింది. షేర్లలో నష్టపోయిన పెద్ద పెట్టుబడిదారులు నగదు కోసం అమ్మగలిగిందల్లా అమ్ముతారు, బంగారం వెంటనే అమ్ముడుపోతుంది కనుక దాన్నీ అమ్ముతారు. తర్వాత తేరుకుంటుంది. 2008 మొత్తంగా చూస్తే నాస్‌డాక్ 40 శాతం పడితే బంగారం స్వల్పంగానైనా లాభంతో ముగిసింది. 2020 ఆగస్టుకల్లా రెండు వేల డాలర్లు దాటింది. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకోకుండా ఈ రెండింటిలో దేనిలోకీ దిగొద్దు. సంక్షోభం మొదటి వారంలో అమ్ముకోవాల్సిన అవసరం రాకపోతేనే బంగారం మిమ్మల్ని కాపాడుతుంది.

ఇటీవల బంగారం ఇంతగా పెరగడం వెనక ఉన్నది మామూలు కొనుగోలుదారులు మాత్రమే కాదు. 2022లో రష్యా విదేశీ నిల్వలను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక, డాలర్లలో దాచుకోవడం ఎంత భద్రమని చాలా దేశాలు ఆలోచనలో పడ్డాయి. 2022, 2023, 2024 మూడేళ్లూ ప్రపంచ కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. మన దేశానికి ఈ పాఠం ముందే తెలుసు. 1991లో విదేశీ మారకం అడుగంటినప్పుడు, పీవీ నరసింహారావు ప్రధాని అయిన కొత్తలో, రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. కుదువ పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటం దేశానికైనా ఇంటికైనా అవసరమే.

నగ వేరు, పెట్టుబడి వేరు

బంగారం కొనాలని నిర్ణయించుకున్నవాళ్లలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ధర పడినందువల్ల కాదు, కొన్న రూపం వల్ల. ఒక బిల్లు దగ్గరగా చూద్దాం. లెక్క తేలికగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము పది వేలనుకుందాం. ముప్ఫై గ్రాముల హారం. బంగారం ఖరీదు మూడు లక్షలు. తరుగు, మజూరీ కలిపి 14 శాతం, అంటే 42 వేలు. మొత్తం మీద 3 శాతం జీఎస్టీ, 10,260. చేతి నుంచి పోయింది 3,52,260 రూపాయలు. మర్నాడే ఆ హారం అమ్మితే మహా అయితే మూడు లక్షలు. రాళ్లు పొదిగినదైతే ఆ బరువు తీసేస్తారు, ఇంకా తగ్గుతుంది. అంటే ధర 17 శాతం పైగా పెరిగితే తప్ప మీరు పెట్టింది మీకు రాదు.

నగ వద్దని నేననను. పెళ్లికి, పండక్కి, ఒంటి మీద ఉన్న సంతోషానికి కొనుక్కోవాలి. ఆ డబ్బును పెట్టుబడి లెక్కలో రాసుకోవద్దంటున్నాను. ఎందుకంటే ధర రెట్టింపైనా మన ఇళ్లలో ఆ హారం ఎవరూ అమ్మరు.

ఒక్క విషయంలో మాత్రం నగను తక్కువ చేయలేం. మన ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో పూర్తిగా ఉండే ఆస్తి చాలాసార్లు అదొక్కటే. పొలం మగవాళ్ల పేరు మీద, ఫ్లాట్ ఉమ్మడిగా లోన్‌లో, షేర్లుండే డీమ్యాట్ ఖాతా పాస్‌వర్డ్ భర్త ఫోన్‌లో. కష్టం వచ్చినప్పుడు ఎవరినీ అడగకుండా బ్యాంకుకు తీసుకెళ్లి గంటలో డబ్బు తెచ్చుకోగలిగేది తన గాజులే. రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనల ప్రకారం బంగారం విలువలో రెండున్నర లక్షల లోపు రుణానికి 85 శాతం దాకా, ఐదు లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వొచ్చు. షేర్ల మీద అంత తేలికగా మండల కేంద్రంలో అప్పు పుట్టదు. కాబట్టి "నగలెందుకు, దండగ, ఫండ్‌లో పెట్టు" అని భార్యకో అక్కకో సలహా చెప్పేవాళ్లు ముందు ఆ ఫండ్ ఆమె పేరు మీద, ఆమె ఫోన్ నంబరుతో, ఆమె బ్యాంకు ఖాతాతో తెరవండి. అలా చేయలేకపోతే ఆ సలహా ఇవ్వొద్దు.

పెట్టుబడి కోసమే అయితే గోల్డ్ ఈటీఎఫ్, అంటే బంగారం ధరను అనుసరిస్తూ షేరులా కొని అమ్ముకునే ఫండ్, మంచిది. తరుగు లేదు, మజూరీ లేదు, లాకర్ అద్దె లేదు, దొంగల భయం లేదు. ఏడాదికి కొద్దిపాటి నిర్వహణ ఖర్చు తీసుకుంటారు. డీమ్యాట్ లేనివాళ్లకు గోల్డ్ మ్యూచువల్ ఫండ్ ఉంది. బంగారం ధరకు ముడిపెట్టి ప్రభుత్వం ఇచ్చిన సావరిన్ గోల్డ్ బాండ్లు అన్నిటికంటే బాగుండేవి. 2015 నవంబరులో గ్రాము 2,684 చొప్పున కొన్నవాళ్లకు 2023 నవంబరులో 6,132 చొప్పున వచ్చింది, మధ్యలో ఏటా 2.75 శాతం వడ్డీ అదనం. 2024 ఫిబ్రవరి విడత తర్వాత కొత్తవి ఇవ్వడం ప్రభుత్వం ఆపేసింది. పాతవి స్టాక్ ఎక్స్చేంజీలో దొరుకుతాయి. బంగారం ధర కంటే ఎక్కువకు అమ్ముతుంటే మాత్రం వదిలేయండి.

బ్యాంకులో నాణేలు కొనేవాళ్లకు ఒక మాట. బ్యాంకు అమ్ముతుంది కానీ తిరిగి కొనదు. ఫోన్ యాప్‌లలో పది రూపాయలకు కూడా దొరికే డిజిటల్ గోల్డ్ తమ నియంత్రణ కింద లేదని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. దాని జోలికి పోవద్దు.

టెక్‌లో ఏది

టెక్ షేరు అన్నప్పుడు రెండు పూర్తిగా వేరైన వ్యాపారాలు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. మన ఇన్ఫోసిస్, టీసీఎస్, విప్రో, హెచ్‌సీఎల్ మనుషుల పనిగంటలను అమ్మే కంపెనీలు. అప్పులు తక్కువ, డివిడెండ్లు ఎక్కువ. వాటికి ఇప్పుడున్న పెద్ద ప్రశ్న, పది మంది చేసే కోడింగ్ ఏఐతో నలుగురు చేస్తే బిల్లు ఎవరికి వేస్తారన్నది. అమెరికా కంపెనీలది వేరే రిస్క్. మైక్రోసాఫ్ట్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్, అమెజాన్, మెటా నాలుగూ కలిసి 2025లో డేటా సెంటర్లు, చిప్‌ల మీద 30 వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. విశాఖలో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల కేంద్రం కూడా ఈ వరదలో భాగమే. ఆ ఖర్చుకు తగ్గ ఆదాయం వస్తే షేర్లు ఇంకా పెరుగుతాయి. ఆలస్యమైతే ఎలా ఉంటుందో 2025 జనవరి 27 చిన్న రుచి చూపించింది. తక్కువ ఖర్చుతో డీప్‌సీక్ అనే చైనా ఏఐ మోడల్ వచ్చిందన్న వార్తకు ఏఐ చిప్‌ల కంపెనీ ఎన్విడియా షేరు ఒక్కరోజులో 17 శాతం పడింది.

ఒకే కంపెనీ షేరులో జీవితకాలపు పొదుపు పెట్టేవాళ్లకు హైదరాబాద్‌లో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పని లేఖ రాసిన రోజు, దేశంలో నాలుగో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరు 179 నుంచి 40 రూపాయలకు వచ్చింది. ఆ కంపెనీలోనే ఉద్యోగం, ఆ కంపెనీ షేర్లే పొదుపు అయినవాళ్ల పరిస్థితి ఆ వారం ఈ నగరంలో చాలా ఇళ్లు చూశాయి. అందుకే ఫండ్ ద్వారానే వెళ్లండి. నిఫ్టీ ఐటీ ఫండ్‌లో ఉండేది పది కంపెనీలే, వాటిలో ఇన్ఫోసిస్, టీసీఎస్ వాటానే సగం దాకా ఉంటుంది. అదీ గుర్తుంచుకోండి. దేశంలోని యాభై పెద్ద కంపెనీలుండే నిఫ్టీ 50 ఫండ్ కొంటే అందులో ఐటీ ఎలాగూ ఉంటుంది.

నాస్‌డాక్ ఈటీఎఫ్‌లు మన ఎక్స్చేంజీలోనే దొరుకుతాయి. కానీ మ్యూచువల్ ఫండ్ సంస్థలన్నీ కలిసి విదేశాల్లో పెట్టగలిగే డబ్బుకు 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అందువల్ల కొత్త యూనిట్లు రాక, ఉన్న ఈటీఎఫ్‌లు అసలు విలువ కంటే ఎక్కువకు అమ్ముడవుతుంటాయి. కొనే ముందు ఆ రోజు ఎన్‌ఏవీ, అంటే యూనిట్ అసలు విలువ, చూసుకోండి.

ఎవరికి ఏది

ఇద్దరూ ఐటీలో ఉన్న ఇల్లయితే ఐటీ సెక్టార్ ఫండ్ అసలు వద్దు. ఆర్‌ఎస్‌యూలు చేతికొచ్చినప్పుడల్లా కనీసం సగం అమ్మి, అందులో కొంత గోల్డ్ ఈటీఎఫ్‌కు, మిగతాది నిఫ్టీ 50 లాంటి విశాలమైన ఫండ్‌కు మళ్లించండి. నగలు వదిలేసి లెక్కగట్టిన పెట్టుబడిలో బంగారం 15 శాతం దాకా ఉండొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడి రిటైర్మెంట్ ఖాతా 401కేలో అమెరికా పెద్ద కంపెనీల ఎస్ అండ్ పీ 500 ఫండ్ పెట్టుకున్నా అందులో దాదాపు మూడో వంతు ఏడు టెక్ కంపెనీలే.

టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, నగలున్న వ్యాపార కుటుంబాలు కొత్త బంగారం ఆపి, నెలనెలా సిప్‌తో షేర్ల వైపు రావాలి. అందులో టెక్ ఫండ్ ఐదో వంతు దాకా పెట్టుకోవచ్చు. గడువు మాత్రం పదేళ్లకు తగ్గకూడదు. వ్యవసాయం మీద బతికే ఇంటికి నా సలహా వేరు. రాబడే వానను బట్టి ఊగుతుంటే దాని మీద ఇంకో ఊగే షేరు పెట్టొద్దు. అదునులో తాకట్టుకు పనికొచ్చే బంగారమే వాళ్లకు సరైనది.

మూడేళ్లలో కూతురి పెళ్లి ఉందంటే ప్రశ్నే లేదు. కావలసింది బంగారమే కాబట్టి నెలకు కొంత గోల్డ్ ఈటీఎఫ్ కొనుక్కుంటూ వెళ్లి, పెళ్లి ముందు అమ్మి నగలు చేయించండి. షేర్లు పెరుగుతాయని ఆ డబ్బు అటు మళ్లించొద్దు, 2022 లాంటి ఏడాది ముహూర్తం చూసుకుని రాదు.

పన్ను విషయంలో 2024 జూలై నుంచి తేడాలు తగ్గాయి. షేర్లు, గోల్డ్ ఈటీఎఫ్ ఏడాది దాటాక, నగలు, బిస్కెట్లు రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. షేర్లకు ఏటా లక్షా పాతిక వేల లాభం దాకా మినహాయింపు ఉంది, బంగారానికి అది లేదు. ఏటా మార్చిలో ఒకసారి వాటాలు చూసుకోండి. బంగారం 15 శాతం అనుకున్నది పెరిగి 25 అయితే ఆ పై పది శాతం అమ్మి ఫండ్‌లోకి మార్చండి. టెక్ పెరిగితే అటు నుంచి ఇటు. పెరుగుతున్నదాన్ని అమ్మడానికి మనసొప్పదు, అందుకే ఈ పనికి ముందే తేదీ పెట్టుకుని క్యాలెండర్‌లో రాసుకోవడం మేలు.